పెండ్లి బేరంలో పార్టీలు ఎవరు?

న్యాయశాస్త్రం బోధించేవారికి సాహిత్య విమర్శతో పనేమిటని అడిగే మిత్రులున్నారు. చట్టాన్ని చట్టాల పుస్తకంలో, ధరను అర్థశాస్త్రంలో, ఆచారాన్ని పెద్దల నోట వెదుక్కోమని వారి సలహా. కాని జీవితంలో ఈ మూడూ విడివిడిగా దొరకవు. ఒక్క పెండ్లి పందిరి చాలు: పురోహితుడు చదివేది ఆచారం, లోపలి గదిలో లెక్కపెట్టేది ధర, రేపు తగాదా వస్తే ప్లీడరు తిరగవేసేది చట్టం. ఈ మూడింటినీ కలిపి చూపిన గ్రంథాలు తెలుగులో లేకపోలేదు. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం', కాళ్లకూరి నారాయణరావు గారి 'వరవిక్రయం' అటువంటివి. ఈ రెండు నాటకాలనూ వాటి చుట్టూ వున్న చట్టాలతో కలిపి చదివితే ఒక విషయం స్పష్టపడుతుంది. పెండ్లిలోని ధర నీతి వెంట నడవదు. ఆస్తి వెంట, సంపాదన వెంట నడుస్తుంది. ధరను నిషేధించి ఆస్తి జోలికి పోని చట్టం ధరకు వేషం మార్చగలదేగాని దానిని తొలగించలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే.

'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శింపబడింది 1892లో. అచ్చయింది 1897లో. ఈనాడు మనం చదివే పెద్ద నాటకం 1909 నాటి రెండవ కూర్పు. మొదటి కూర్పు పీఠికలో గురజాడ ఒక జాబితా సంగతి చెప్పారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో మూడేండ్లలో జరిగిన శుల్క వివాహాలను లెక్క కట్టించారట. ఆ లెక్కకు వచ్చినవే 1,034. అందులో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర మూడువందల యాభై రూపాయల నుంచి నాలుగువందల వరకు పలికింది. సాధారణంగా విమర్శకులు ఈ అంకెలను చూసి అయ్యో అని ముందుకు సాగిపోతారు. నేను ఆగమంటాను. ఒక నాటకకర్త తన నాటకానికి ముందు ధరల పట్టిక పెట్టాడంటే, తాను రాసేది కేవలం దురాచారాన్ని గురించి కాదనీ, ఒక సంతను గురించి అనీ ఎరిగే పెట్టాడు.

ఆ సంత ఎట్లా ఏర్పడింది? మగవాడు ఎన్నిసార్లయినా పెండ్లాడవచ్చు. వితంతువు మళ్లీ పెండ్లాడరాదు. ఆడపిల్లకు రజస్వల కాకముందే పెండ్లి జరిగితీరాలి. అంటే కొనేవారిలో కుర్రవాళ్లతోపాటు ముసలివాళ్లూ వున్నారు. అమ్మకానికి వచ్చేది పసిపిల్లలు మాత్రమే. సరుకు కొంచెమై, కొనేవారు పెక్కుమంది అయినచోట ధర పెరగడానికి అర్థశాస్త్ర పండితుడు అక్కరలేదు. శాస్త్రం విధించిన నియమమే ధరను సృష్టించింది. ఆ ధర తిరిగి శాస్త్రాన్ని నిలబెట్టింది. బుచ్చమ్మ వితంతువై ఇంట్లో కూర్చుని వుండగానే అగ్నిహోత్రావధాన్లు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మజూపడంలో వున్న తర్కం ఇదే. అతడు పిల్లల మీద ప్రేమలేని రాక్షసుడు కాడు. తన సంతలో తాను మామూలుగా నడుచుకొనే మనిషి.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. మన దేశంలో ఒప్పందాలను శాసించేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. దాని ప్రకారం ఒప్పందానికి స్వేచ్ఛగా సమ్మతించే, యోగ్యత గల పార్టీలు వుండాలి. చట్టబద్ధమైన ప్రతిఫలం వుండాలి. మైనరు చేసుకొన్న ఒప్పందం చెల్లదు. ఈ పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులను నేనొక ప్రశ్న అడుగుతూ వుంటాను: అయిదేండ్ల పిల్లను సొమ్ము పుచ్చుకొని పెండ్లి చేసే ఒప్పందంలో మైనరు ఎవరు? అందరూ వెంటనే పిల్ల అంటారు. కాదు. ఆ ఒప్పందంలో పిల్ల పార్టీయే కాదు. పార్టీలు తండ్రి, వరుడు. ఇద్దరూ వయసు వచ్చినవాళ్లు, తెలివి వున్నవాళ్లు, ఇష్టపడి ఒప్పుకొన్నవాళ్లు. కాంట్రాక్టు చట్టం దృష్టిలో ఆ బేరంలో లోపం ఎన్నదగినచోటు ఒక్కటే మిగులుతుంది. అది ప్రజానీతికి విరుద్ధమైన ఒప్పందాలు చెల్లవని చెప్పే 23వ సెక్షను.

ఆ ఒక్క లోపాన్ని కనిపెట్టడానికి కూడ న్యాయస్థానానికి కాలం పట్టింది. కూతురును ఇచ్చినందుకు తండ్రికి సొమ్ము చెల్లించే ఒప్పందాన్ని 1889లో మద్రాసు హైకోర్టు చెల్లనిదిగా భావించలేదు. 1908లో అదే హైకోర్టు ఫుల్ బెంచి అటువంటి ఒప్పందం ప్రజానీతికి విరుద్ధమని తేల్చింది. ఈ రెండు తీర్పుల మధ్యనే 'కన్యాశుల్కం' పుట్టి, ఆడి, అచ్చయింది. అయితే ఆ ఫుల్ బెంచి తీర్పు చేసిందేమిటి? బాకీపడిన శుల్కాన్ని రాబట్టుకోవడానికి కోర్టుకు రావద్దన్నది. పెండ్లి జరిగిపోయి సొమ్ము చేతులు మారినచోట ఆ తీర్పుకు పని లేదు. తెలివైన తండ్రికి అందులో దొరికిన పాఠం ఒక్కటే: అప్పు బేరం వద్దు, రొక్కం ముందే పుచ్చుకో.

గురజాడ ఈ సూక్ష్మాన్ని ఎరుగును. ఆయన విజయనగరం సంస్థానపు ఆస్తి వ్యాజ్యాలలో పనిచేసినవారు. కాగితం విలువ, సాక్షి విలువ తెలిసినవారు. అందుకే ఈ నాటకంలో కోర్టు లేని ఇల్లు లేదు. అగ్నిహోత్రావధాన్లుకు వ్యాజ్యాలంటే వ్యసనం. కోర్టు కాగితాలు ఇంగ్లీషులో చదివిపెడతాడన్న ఆశతోనే గిరీశం ఆయనకు దగ్గరవుతాడు. రామప్పంతులుకు దావాలు, దళ్లాలీ రెండూ ఒకటే వృత్తి. కరటకశాస్త్రి మేనకోడలిని కాపాడాలనే వచ్చాడు. కాని కాపాడే ఉపాయం కూడ ఒక అమ్మకమే. మగపిల్లవాడికి ఆడవేషం వేసి, సుబ్బికంటె చవకగా బేరం పెడితే, లుబ్ధావధాన్లు మొదటి సంబంధాన్ని వదులుకొన్నాడు. చవక సరుకు ముందు ఖరీదైన సరుకు నిలవదని కరటకశాస్త్రికి తెలుసు. పెండ్లికూతురి మెడలోకి కావలసిన కంటెను కూడ రామప్పంతులు మధురవాణి దగ్గర ఎరువు తెస్తాడు. ఆ కంటె తిరిగి రాకపోయేసరికి మధురవాణి అతన్ని నిలదీస్తుంది. ఎరువు తెచ్చిన నగకు జవాబుదారీ వుంది. అమ్ముడుపోయిన పిల్లకు జవాబుదారీ లేదు. ఈ ఒక్క హాస్య సన్నివేశంలో వున్న న్యాయశాస్త్రం నాకు అనేక తీర్పులలో కనిపించలేదు.

ఇక ముగింపు. సౌజన్యారావు పంతులు గొప్ప వకీలు, సత్పురుషుడు. అయినా లుబ్ధావధాన్లును హత్యానేరం నుంచి తప్పించే నిజం ఆయన చట్ట పరిజ్ఞానంవల్ల బయటపడదు. ఆయన చూడనొల్లని మధురవాణి చెబితే బయటపడుతుంది. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపడంతో ఆమె కథ ఆగుతుంది. ఇది నాటకంలోని లోపమని కొందరు అన్నారు. నా అభిప్రాయం వేరు. బుచ్చమ్మకు తనదైన ఆస్తి లేదు, చదువు లేదు, సంపాదన లేదు. 1856 నాటి చట్టం వితంతువు పునర్వివాహం చేసుకోవచ్చునన్నది. అదే చట్టం రెండవ సెక్షనులో, అట్లా చేసుకొన్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుందన్నది. ఒక చేత్తో స్వేచ్ఛ ఇచ్చి, రెండవ చేత్తో కూడు తీసివేసిన చట్టమది. ఆ స్థితిలో బుచ్చమ్మకు శరణాలయం తప్ప చోటెక్కడ? గురజాడ లేని పరిష్కారాన్ని కల్పించలేదు. అది ఆయన వాస్తవికత.

'కన్యాశుల్కం ఆచారం పోయింది గనుక నాటకానికి కాలం చెల్లింది' అనే మాట వింటూనే వున్నాము. ఆచారం పోయిన మాట నిజం. ఏం వచ్చింది దాని స్థానంలో? వరకట్నం. ధర దిక్కు మార్చుకొన్నది. ఇంగ్లీషు చదువు, సర్కారు ఉద్యోగం వచ్చిన తరువాత నెలనెలా జీతం తెచ్చే వరుడు అరుదైన సరుకు అయ్యాడు. ఆడపిల్లకు చదువూ లేదు, ఉద్యోగమూ లేదు, భూమిలో వాటా కూడ లేదు. ఆమెను జీవితాంతం పోషించే వాడిని వెదకడం తండ్రి బాధ్యత అయింది. ఆ బాధ్యతకు వెల ఏర్పడింది. ఇంతకు ముందు పిల్ల తండ్రి పాడిన వేలం ఇప్పుడు పిల్లవాడి తండ్రి పాడుతున్నాడు.

1920 దశకపు తొలి యేండ్లలో వచ్చిన 'వరవిక్రయం' ఈ మార్పును పట్టుకొన్నది. కాళ్లకూరివారి పాత్రలు తెలుగు ఇండ్లలో సామెతలయ్యాయి. పెండ్లిళ్ల పేరయ్య పేరు ఒక వృత్తికే పేరయింది. తండ్రి తనకోసం ఆస్తి పోగొట్టుకోవడం సహించలేక కాళింది ప్రాణం తీసుకొంటుంది. చెల్లెలు కమల ఆ వరుడినే పెండ్లాడి, కొనుక్కొన్న సరుకు కొన్నవారి ఇంటికే రావాలని పట్టుబడుతుంది. వ్యవహారం కోర్టుకు ఎక్కుతుంది. 1939లో చిత్తజల్లు పుల్లయ్యగారు దీనిని సినిమాగా తీసినప్పుడు కాళింది వేషం వేసిన భానుమతికి అదే మొదటి చిత్రం. కమల వాదన అద్భుతమైనది. మర్యాద మాటల చాటున దాగిన బేరాన్ని బేరమని పిలిచి, బేరానికి వుండే న్యాయమే వర్తింపజేయమంటుంది. అమ్మినవారు అమ్మిన దానిమీద పెత్తనం చేయరాదు గదా!

అయినా 'వరవిక్రయం' 'కన్యాశుల్కం' అంత లోతుకు పోలేదని నా నమ్మకం. సింగరాజు లింగరాజు పిసినారి. అతని లోభం వల్లనే అనర్థం జరిగిందన్న భావం ప్రేక్షకుడికి కలుగుతుంది. లోభికి బుద్ధి వస్తే కథ సుఖాంతం. లోభి కాని తండ్రి, మంచివాడైన తండ్రి, కొడుకు చదువుకు పెట్టిన ఖర్చు రాబట్టుకొని ఆ సొమ్ముతోనే కూతురు పెండ్లి చేయవలసిన తండ్రి మాటేమిటి? అటువంటివారే ఎక్కువమంది. లుబ్ధావధాన్లు కూడ పిసినారే. కాని గురజాడ అతని ఒక్కడి మీదకే నేరం తోయలేదు. అమ్మేవాడు, కొనేవాడు, దళ్లాలి, ఆపదలో ఆదుకోవచ్చిన మేనమామ, సంస్కరణ ఉపన్యాసాలిచ్చే గిరీశం, అందరూ ఆ సంతలోనే నిలబడి వున్నారు. విలన్ ఒక్కడైతే వాడిని శిక్షించి ఇంటికి పోవచ్చు. వ్యవస్థను చూపిన రచన మనలను అంత సులభంగా ఇంటికి పోనివ్వదు.

ఇక్కడ ఈనాటి అర్థశాస్త్రజ్ఞుల మాట కొంత చెప్పాలి. అమెరికాకు చెందిన గేరీ బెకర్ 1973లో వివాహాన్ని ఒక మార్కెట్‌గా విశ్లేషిస్తూ వ్యాసం రాశాడు. 1981లో కుటుంబాన్ని గురించి గ్రంథమే వెలువరించాడు. 1992లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. దంపతుల మధ్య లాభం పంచుకోవడంలో సర్దుబాటుకు వీలు లేనప్పుడు ఆ తేడాను ముందుగానే పూరించే చెల్లింపులే శుల్కమూ, కట్నమూ అని ఆయన సిద్ధాంత సారాంశం. ఇందులో కొంత నిజం వుంది. ధర ఎందుకు దిక్కు మారుతుందో ఇది చెప్పగలదు. కాని ఆ సొమ్ము ఎవరి చేతికి పోతుందో అడగదు. లాభం పంచుకోవలసినది దంపతులైతే, శుల్కం తండ్రికి ఎందుకు? కట్నం మామగారికి ఎందుకు? సుబ్బి చేతికి ఒక్క కాసు రాదు; కమల చేతికీ రాదు. సంతలో వున్న సరుకుకు కూడ లాభంలో వాటా వున్నట్లు లెక్క కట్టే శాస్త్రం మనకు వెలుగు ఇవ్వదు.

చట్టం మాత్రం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన వరకట్న నిషేధ చట్టం 1958 నాటిది. దేశం మొత్తానికి కేంద్ర చట్టం 1961లో వచ్చింది. ఈ కేంద్ర చట్టం మొదట కట్నాన్ని వివాహానికి 'ప్రతిఫలంగా' ఇచ్చిన సొమ్ము అని నిర్వచించింది. చూడండి, కాంట్రాక్టు చట్టంలోని మాటే ఇది! బేరం జరిగిందని రుజువు చేస్తేనే నేరం. మన ఇండ్లలో బేరాన్ని బేరమని ఎవరు అంటారు? లాంఛనాలంటారు, ఆడపడుచు కట్నమంటారు, పసుపు కుంకుమలంటారు, పిల్ల మీద ప్రేమకొద్దీ ఇచ్చుకొన్నామంటారు. ఆచారపు భాష మొత్తం ఆ 'ప్రతిఫలం' అనే మాటను తప్పించుకోవడానికే పుట్టినట్లు వుంటుంది. 1984 సవరణలో ఆ మాట తీసివేసి వివాహానికి 'సంబంధించి' అన్నారు. శిక్ష ఆరు నెలల నుంచి పెంచుకుంటూ పోయి, కనీసం అయిదేండ్లకు తెచ్చారు. వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి వారిచేత సంతకం పెట్టించాలని 1985లో నిబంధన చేశారు. ఆనందగజపతి జాబితా ఒకటి, ఈ జాబితా ఒకటి. మొదటిది రాజు పూనుకొని రాయించాడు. రెండవదాన్ని ఎన్ని పెండ్లిండ్లలో రాస్తున్నారో పాఠకులే ఆలోచించుకోవచ్చు. 1983లో 498-ఎ, 1986లో 304-బి సెక్షనులు శిక్షాస్మృతిలో చేరాయి. 2024 జులై నుంచి అవి కొత్త న్యాయసంహితలో కొనసాగుతున్నాయి. అయినా 2022లో దేశంలో నమోదైన వరకట్న మరణాల కేసులు 6,000 దాటాయి.

ఈ చట్టంలోనే ఆరవ సెక్షను ఒకటి వుంది. కట్నం ఎవరు పుచ్చుకొన్నా అది వధువు మేలుకోసం వుంచిన సొమ్మే; మూడు నెలలలోగా ఆమెకు అప్పగించాలి. ఒప్పందంలో ఏనాడూ పార్టీ కాని స్త్రీని హక్కుదారుగా గుర్తించిన సెక్షను ఇదొక్కటే అనవచ్చు. కోడలు మామగారిని ఆ సొమ్ము అడిగిన కథ ఎవరైనా రాశారా? నేను చదవలేదు.

కట్నానికి మూలం ఆస్తిలో వుందని శాసనకర్తలకు తెలియకపోలేదు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ చట్టం, కూతురిని వాటాదారు కానీయకపోవడమే వరకట్నం పుట్టడానికి దారితీసిందని తన ఉపోద్ఘాతంలోనే చెప్పింది. నా దృష్టిలో మన శాసనాలలో ఇంత మంచి సాహిత్య విమర్శ మరొకటి లేదు. అయితే అదే చట్టం, అమలులోకి రాకముందే పెండ్లయిపోయిన కూతుళ్లను మినహాయించింది. అంటే పెండ్లి ఖర్చుతో ఆమె లెక్క తీరిపోయిందన్న పాత ఆచారాన్ని కొత్త చట్టం కొంతమేరకు ఒప్పుకొన్నది. 2005లో వచ్చిన కేంద్ర సవరణ ఈ హక్కును దేశమంతటికీ విస్తరించింది. 2020లో సుప్రీంకోర్టు ఇది పుట్టుకతోనే వచ్చే హక్కని స్పష్టం చేసింది.

ఆస్తి లేనివారి మాటేమిటని అడగవచ్చు. సరైన ప్రశ్నే. మన పల్లెల్లో పొలం పని చేసే కులాలలో వెనుక ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకొనేవారు, మారుమనువు వుండేది. అది అగ్రహారపు శుల్కం వంటిది కాదు. పనిచేసే రెండు చేతులు ఒక ఇంటినుంచి మరో ఇంటికి పోతున్నందుకు ఇచ్చిన విలువ. ఆ ఇండ్లలో కూడ ఓలి పోయి కట్నం వచ్చింది. భూమి లేకపోయినా కొడుకు చేతికి జీతం వచ్చింది, కూతురు చేతికి తక్కువ కూలి మిగిలింది. ఒకే పనికి ఆడకూలి, మగకూలి వేరుగా వుండరాదని 1976లో చట్టం వచ్చిన తరువాత కూడ ఈ తేడా పొలంగట్టు దాటిపోలేదు. కనుక ఆస్తి అన్నప్పుడు ఎకరాలే కాదు, సంపాదించే శక్తిని కూడ కలిపి చెప్పుకోవాలి. అమెరికాలో ఉద్యోగమున్న వరుడి ధర ఇక్కడి ఉద్యోగి ధరకంటె ఎందుకు ఎక్కువో వివరించనక్కరలేదు.

హక్కు కాగితం మీదికి వచ్చింది. అది చేతికి వచ్చిందా? ఈ ప్రశ్నకు జవాబు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో దొరుకుతుంది. అన్నదమ్ములు పొలం పంచుకొనే రోజున అక్కచెల్లెండ్లను పిలిపిస్తారు. కొత్త చీర పెడతారు. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టమంటారు. ఆ పత్రాల భాష నాకు పరిచయమే. వివాహ కాలమందు పసుపు కుంకుమల కింద ముట్టినదానితో సంతృప్తి చెంది, ఇష్టపూర్వకంగా హక్కు వదులుకొంటున్నట్లు అందులో వుంటుంది. చట్టం రీత్యా లోపం లేదు. ఆమె మేజరు, తెలివి వున్నది, చదివి వినిపించారు, ఒప్పుకొన్నది. సంతకం పెట్టకపోతే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందని ఆ పత్రంలో ఎక్కడా రాయరు. కట్నం ఇచ్చేటప్పుడు అది ప్రేమ. వాటా అడిగేటప్పుడు అదే ఆమె వాటా! నేరమని చట్టం చెప్పిన సొమ్మే, హక్కు తీరిపోయిందనడానికి రుజువుగా రిజిస్టరవుతున్నది.

సుబ్బి ఒప్పందంలో పార్టీ కాదు. ఈనాటి చెల్లెలు పార్టీ అయింది. సంతకం పెట్టి పోగొట్టుకోవడానికి పార్టీ అయింది. నూరేండ్లకు పైగా చట్టం నడిచిన దూరాన్ని కొలవాలంటే ఈ రెండు స్థానాల మధ్య కొలవాలి. ఆ దూరం తక్కువేమీ కాదు. సంతకం కావాలంటున్నారంటే ఆమెకు హక్కు వుందని ఒప్పుకొన్నట్లే గదా! లేని హక్కును ఎవరూ వదిలించుకోరు. కనుక ఆ సంతకం పెట్టనన్న స్త్రీ ఒక్కతె చాలు, కట్నపు లెక్కలు తారుమారు కావడానికి.

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అన్నారు మన పెద్దలు. రెండూ ఖర్చుల పద్దులే. ఇల్లు కొడుకుకు మిగిలింది, పెండ్లి కూతురికి మిగిలింది. ఈ పద్దును తిరగరాసే పని కోర్టులు కొంత చేశాయి, శాసనసభలు కొంత చేశాయి. రచయితలు చేయవలసింది చాలా మిగిలి వుంది. కట్నం తీసుకొనే దుర్మార్గుడి మీద, కన్నీరు కార్చే వధువు మీద కథలు మనకు కావలసినన్ని వున్నాయి. అవి చదివి దుర్మార్గుడిని తిట్టుకొని, మన పెట్టెలోని పత్రాలు మనం భద్రంగా దాచుకొంటున్నాము. మంచివాడైన అన్నను, ప్రేమగల తండ్రిని, చీర పుచ్చుకొని కలం అందుకొన్న చెల్లెలిని ఆ వరండాలో నిలబెట్టి చూపే రచన కావాలి. గురజాడ ఈనాడు రాస్తే ఆ వరండా మీదనే తెర లేపి వుండేవారని నా విశ్వాసం.